సూట్ వారి భోజనశాలలో మన వాళ్ళకూ ఒక కుర్చీ

క్రూయిజ్ (విహార) ఓడల్లో సూట్, అంటే మామూలు గదికన్నా పెద్దదీ ఖరీదైనదీ అయిన గది, తీసుకున్న వారికి మాత్రమే తలుపు తెరిచే భోజనశాలల్లో కొన్నేళ్లుగా తింటున్నాను. అక్కడి వంట ఎలా ఉంటుందో చాలామంది రాశారు. నేను రాసేది వేరే సంగతి. మనది సూట్ అయి, మనతో వచ్చిన అత్తమామలదో తోడికోడలిదో మామూలు గది అయినప్పుడు వాళ్ళను అక్కడికి భోజనానికి పిలవగలమా? పిలిస్తే ఆ పూట ఎలా గడుస్తుంది? నా తీర్పు ముందే చెప్పేస్తాను. పిలవవచ్చు కానీ హక్కుగా కాదు. వారం రోజుల ప్రయాణంలో ఒకటి రెండు పూటలకు మించి ఆశ పెట్టుకోకూడదు. అందరూ కలిసి తినడమే మీకు ముఖ్యమైతే, ఆ భోజనశాల కోసం సూట్ కొనకండి.

నియమాలు అన్ని ఓడల సంస్థల్లో ఒకేలా ఉండవు. రాయల్ కరీబియన్ వారి ఒయాసిస్, క్వాంటం తరగతి ఓడల్లో ఇలాంటి భోజనశాల పేరు కోస్టల్ కిచెన్. గ్రాండ్ సూట్, ఆపై వాటిలో ఉన్నవారు మూడు పూటలా అక్కడ తినవచ్చు, అంతకన్నా చిన్నదైన జూనియర్ సూట్ వారికి రాత్రి భోజనం మాత్రమే. 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ది సీస్‌లో దాన్ని రెండు అంతస్తులుగా కట్టారు. సెలబ్రిటీ ఓడల్లో 2015 నుంచి ల్యూమినే అనే సూట్ భోజనశాల ఉంది. ఫ్రెంచ్ చెఫ్ డేనియల్ బులూ వంటకాలు కొన్ని అక్కడ వడ్డిస్తారు. ఎంఎస్‌సీ వారి యాట్ క్లబ్, అంటే ఓడలోనే సూట్ వారికి వేరుచేసిన భాగం, 2008లో ఫాంటాసియా అనే ఓడతో మొదలైంది. అక్కడ భోజనశాలే కాదు, ఈత కొలను, కూర్చునే హాలు కూడా వేరే. నార్వీజియన్ వారి హేవెన్ కూడా అలాంటిదే, గది కార్డు చూపకుండా లోపలికి అడుగు పడదు. క్యునార్డ్ వారి క్వీన్ మేరీ 2లో మీరు తీసుకున్న గదిని బట్టి క్వీన్స్ గ్రిల్, ప్రిన్సెస్ గ్రిల్, బ్రిటానియా అని భోజనశాల పేరే మారిపోతుంది. వీళ్ళందరిలో హాలండ్ అమెరికా వారిది వేరే పద్ధతి. పినకిల్ తరగతి ఓడల్లో క్లబ్ ఆరెంజ్ భోజనశాలకు ఖాళీని బట్టి మామూలు గదుల వారు కూడా డబ్బు కట్టి ప్రవేశం కొనుక్కోవచ్చు. వెంట చుట్టాలున్న వారికి ఇది తిన్నని దారి. ఎవరినీ బతిమాలే పని లేదు.

ఈ వేరు పంక్తులు కొత్తగా పుట్టినవి కావు. 1912లో టైటానిక్‌లోనూ మొదటి తరగతి వారికి మాత్రమే, అదీ అదనపు డబ్బుకు, ఆ లా కార్ట్ (కోరిన వంటకాలు విడిగా తెప్పించుకునే) రెస్టారెంట్ ఉండేది. మంచుకొండ తగిలిన ఏప్రిల్ 14 రాత్రి ఫిలడెల్ఫియాకు చెందిన వైడనర్ దంపతులు కెప్టెన్ స్మిత్‌కు విందు ఇచ్చింది అందులోనే. తర్వాత సముద్రం దాటే పనిని విమానాలు తీసుకున్నాయి, ఓడలు విహారానికి మళ్ళాయి, తరగతుల గోడలు చాలావరకు కూలిపోయాయి. ఇప్పుడు సూట్ల పేరుతో మళ్ళీ లేచాయి. అయితే ఆనాడు మొదటి తరగతి పెద్దమనిషికి మూడో తరగతిలో బావమరిది ఉండే అవకాశం తక్కువ. మన తెలుగు కుటుంబాల్లో అది మామూలు సంగతి. అమెరికాలో ఎడిసన్‌లోనో డాలస్‌లోనో ఉండే దంపతులు, వేసవికి ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు, రెండు మూడు స్నేహితుల కుటుంబాలు కలిసి ఒకే ఓడ ఎక్కుతాయి. గది మాత్రం ఎవరి వీలును బట్టి వారిది. మా మామగారైతే “పడుకోవడానికే కదమ్మా, కిటికీ దేనికి” అని లోపలి గదే కావాలంటారు.

ప్రవేశం గది నంబరును బట్టి రాదు, ఆ గదిలో నమోదైన పేర్లను బట్టి వస్తుంది. పక్క గదికీ మీ సూట్‌కూ మధ్య తలుపు ఉన్నంత మాత్రాన పక్క గది సూట్ అయిపోదు. కొందరు తెలివిగా భర్తను, అత్తగారిని సూట్‌లో, భార్యను, మామగారిని మామూలు గదిలో నమోదు చేయించి, ఓడ ఎక్కాక గదులు మార్చుకుంటారు. అత్తగారికి ప్రవేశం వస్తుంది, భార్యకు పోతుంది. ఇంట్లో ఈ మాట ఎత్తే ధైర్యం ఉన్నవారు ప్రయత్నించవచ్చు. అంతకన్నా మేలైన పని పెద్దవాళ్ళిద్దరినీ మీ సూట్‌లోనే మూడో, నాలుగో మనిషిగా రాయించడం. ఆ ఇద్దరికీ ఛార్జీ సాధారణంగా మొదటి ఇద్దరికన్నా తక్కువే పడుతుంది. అప్పుడు ఎవరినీ అడగనక్కరలేదు, అన్ని పూటలూ నలుగురూ దర్జాగా వెళ్ళవచ్చు. సోఫా మంచం మీద ఎవరు పడుకోవాలన్నది మీరే తేల్చుకోవాలి.

అలా కుదరనప్పుడు అడగాలి. నేను ఎక్కువగా వెళ్ళే సంస్థ పేరు రాయడం లేదు. మాకు దొరికిన వెసులుబాటు వాళ్ళ కాగితం మీద ఉన్న నియమం కాదు, ఆ వారం ఆ భోజనశాలను నడిపిన మనిషి మంచితనం. పేరు రాస్తే రేపు ఇంకెవరో దాన్ని హక్కుగా చూపించి ఆ మనిషిని ఇరుకున పెడతారు.

ఓడ ఎక్కిన రోజే, రద్దీ తగ్గాక, భోజనశాల మేనేజరును స్వయంగా కలవండి. ఫోనులో అడిగితే ఎదుటివారికి కాదనడం తేలిక. “గురువారం రాత్రి ఏడింటికి నలుగురికి కావాలి” అంటే లేదనే వస్తుంది. “మా అత్తమామలు వేరే గదిలో ఉన్నారు, ఈ వారంలో మీకు ఖాళీగా ఉండే పూట ఒకటి చెబితే ఆ పూటే వస్తాం” అంటే ఆయన తన పుస్తకం తిరగేస్తాడు. ఓడ చీకటిపడే దాకా రేవులో ఆగే రోజున సూట్ వాళ్ళు చాలామంది ఊళ్ళోనే తినేస్తారు కాబట్టి కుర్చీలు మిగులుతాయి. ఇంకా తేలికగా దొరికేది రేవు రోజు మధ్యాహ్న భోజనం. పగలంతా సముద్రం మీదే ఉండే రోజుల్లోను, అందరూ ముస్తాబై వచ్చే రాత్రుల్లోను అడగడం దండగ. మొదటి రోజు మధ్యాహ్నం అసలు అడగవద్దు, తెల్లవారుజాము విమానాల్లో దిగినవాళ్ళంతా అప్పుడు ఆవురావురుమంటూ అక్కడే ఉంటారు. క్రిస్మస్ సెలవుల ప్రయాణాల మీద ఆశ వదులుకోండి. సూట్లలో పిల్లాపాపలతో మనిషి మీద మనిషి ఉంటారు.

ఆయన సరేనన్నాక ఆ మాటను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. అతిథుల పేర్లు, గది నంబర్లు మీ రిజర్వేషన్ కింద నమోదు చేయించండి. ఒక ఓడలో మేనేజరు ముందు రోజు నవ్వుతూ రమ్మన్నారు. మర్నాడు తలుపు దగ్గర వేరే ఉద్యోగి ఉన్నాడు. మా కార్డులు గీసి మమ్మల్ని రానిచ్చాడు, పట్టుచీర కట్టుకుని వచ్చిన మా అత్తగారిని మాత్రం పదిమంది ముందు ఆపేశాడు. మేనేజరు వచ్చి సర్దిచెప్పేసరికి పావుగంట పట్టింది. అత్తగారు లోపలికి వచ్చి కూర్చున్నారు కానీ ఆ పూట సరిగా తినలేదు. డబ్బు పెట్టి కొన్న సౌకర్యం ఇంటి పెద్దను గుమ్మంలో నిలబెట్టిందని నాకు చాలా రోజులు మనసులో ఉండిపోయింది. అలాగని నియమమే తప్పని అనను. చిన్న గది, లెక్కపెట్టిన కుర్చీలు. ప్రతి సూట్ వాళ్ళూ ఇద్దరేసి అతిథులను తెస్తే, నిశ్శబ్దం కోసం అంత డబ్బు కట్టిన వారికి మిగిలేది మన పెళ్ళిళ్ళ రెండో పంక్తి.

ఇక భోజనం. అన్నీ తినేవారికి ఇక్కడి రాత్రి భోజనం ప్రధాన భోజనశాలకన్నా ఒక మెట్టు పైనే ఉంటుంది. చేప సరిగ్గా ఉడుకుతుంది, మాంసం వేడిగా వస్తుంది, వెయిటరు రెండో రోజుకే మన పేరు పెట్టి పిలుస్తాడు. వయసు పైబడిన శాకాహారి అతిథిని తీసుకెళ్తే మాత్రం ఈ మెట్టు కిందికి దిగుతుంది. పట్టికలో శాకాహారం ఒకటో రెండో, ఎక్కువగా పుట్టగొడుగుల రిసోటో (ఇటలీ పద్ధతి మెత్తటి అన్నం), లేదా కాల్చిన గోబీపువ్వు ముక్క చుట్టూ ఏదో పచ్చటి రసం. మా అత్తగారు పుట్టగొడుగులు ముట్టరు. ముందు రోజే చెబితే భారతీయ శాకాహారం చేసి తెస్తారు, పప్పు, బంగాళాదుంప కూర, రొట్టె, బాస్మతి అన్నం. అది పెద్ద వంటగది నుంచి రావాలి కాబట్టి మనకు రెండో వడ్డన అయిపోయాక గానీ వారి పళ్లెం రాదు. రుచి ఉత్తరాది పద్ధతి. తమాషా ఏమిటంటే అదే ఓడలో అందరికీ తెరిచి ఉన్న బఫేలో, ఎవరినీ అడగకుండానే, నాలుగు రకాల భారతీయ కూరలు పొగలు కక్కుతూ ఉంటాయి. మామగారు మొహమాటం లేకుండా తెల్లన్నం, పెరుగు అడిగి చేత్తో కలుపుకుని తిన్నారు. వెయిటరుది మంగుళూరు. మరో గిన్నె పెరుగు తనంతట తానే తెచ్చిపెట్టాడు. పక్క బల్లవాళ్ళు ఎవరూ తల తిప్పలేదు. తలతిప్పుతారని ముందునుంచీ భయపడింది మా ఆయన ఒక్కరే.

ఆవకాయ గురించి అడుగుతారని తెలుసు. చాలా సంస్థలు ఇంట్లో చేసిన తిండిని ఓడ ఎక్కనివ్వవు, సీలు తీయని దుకాణం ప్యాకెట్లను రానిస్తాయి. చిన్న సీసా కొనుక్కెళ్ళండి. బల్ల మీద మూత తీయడం మీ ధైర్యం.

భోజనం రెండు గంటలు సాగుతుంది. ఏడున్నరకు తిని తొమ్మిదింటికి పడుకునే పెద్దలకు అది శిక్ష. వడ్డనల మధ్య విరామం తగ్గించమని మొదటే చెబితే వెయిటర్లు సంతోషంగా తగ్గిస్తారు. అతిథులకు రుసుము విషయంలో నా అనుభవం ఒక తీరుగా లేదు. ఒక ఓడలో తలకింత అని మా ఖాతాలో వేశారు, మిగతా చోట్ల వేయలేదు. వేయని చోట వెయిటర్ల చేతికి నగదు ఇచ్చి రావడం మర్యాద.

స్నేహితులను పిలవడం మాత్రం పూర్తిగా మానేశాను. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్ళినప్పుడు ఒక కుటుంబాన్ని పిలిస్తే తెల్లవారి బఫేలో దోసె కోసం నిలబడేసరికి మిగతా రెండు కుటుంబాలకూ ఆ కబురు అందిపోతుంది. ఎవరూ ఏమీ అనరు. “మీకేమండీ, మీది వేరే హోటలు కదా” అని నవ్వుతారు. ఆ నవ్వు ప్రయాణం అయ్యేదాకా వెంట వస్తుంది. అందరినీ వంతులవారీగా పిలుద్దామంటే మేనేజరు మంచితనానికీ ఒక హద్దు ఉంటుంది. అందుకే ఇప్పుడు అత్తమామలను ఒక పూట పిలుస్తాం, మిగతా రాత్రుల్లో మేమే ప్రధాన భోజనశాలకు దిగి అందరితో కూర్చుంటాం. సూట్ వారు అక్కడికి వెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఓడ ఎక్కకముందే అన్ని బుకింగ్‌లను ఒకదానితో ఒకటి కలిపించుకుంటే అందరికీ ఒకే చోట బల్ల దొరుకుతుంది. ఇలా వెళ్ళడం మొదలుపెట్టాక సూట్ భోజనశాల మాకు ఉదయం కాఫీకి, గుడ్ల అట్టుకు మాత్రమే మిగిలింది. అందుకు మాత్రం దానికి సాటి లేదు. తొమ్మిదింటి బఫే రద్దీ చూసినవారికి ఆ నిశ్శబ్దం విలువ తెలుస్తుంది.

చాలామందికి తట్టని దారి ఇంకొకటి ఉంది. పెద్ద సూట్లలో భోజనాల బల్ల ఉంటుంది, సూట్ వారికి పూర్తి భోజనం గదికే తెచ్చి వడ్డించే ఏర్పాటు చాలా ఓడల్లో ఉంది. భోజనశాల తలుపు దగ్గర కార్డు అడుగుతారు గానీ మన గదికి వచ్చిన చుట్టాన్ని ఎవరూ అడగరు. ఓడ రేవు వదిలే సాయంత్రం పెద్దవాళ్ళను, తోడికోడలి కుటుంబాన్ని గదికి పిలిచి, ఉన్న కుర్చీలన్నీ లాగి, బాల్కనీ తలుపు తీసి పెట్టి తిన్నాం. మామగారు సోఫా మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అత్తగారికి పప్పు ఈసారి అందరితోపాటే వచ్చింది. వెయిటరుకు అదనపు పని కాబట్టి ఒక గంట ముందే చెప్పాలి, ఎంతమందికి వడ్డించాలో దాచకుండా చెప్పాలి.

అయిదుకు ఎన్ని మార్కులు అంటే, ఇద్దరే వెళ్ళే దంపతులకు నాలుగు. అత్తమామలు వేరే గదిలో ఉన్నవారికి రెండున్నర. స్నేహితుల గుంపుతో వెళ్ళేవారికి ఒకటి, అది కూడా ఉదయం కాఫీకి. వచ్చే వేసవికి ఎనిమిదిమందికి సరిపోయే రెండు పడకగదుల సూట్ ధర అడిగాం. నాలుగు బాల్కనీ గదుల ధరకన్నా చాలా ఎక్కువ చెప్పారు. బాల్కనీ గదులే తీసుకున్నాం, వరసగా ఒకే అంతస్తులో. మామగారు ఈసారి కిటికీకి ఒప్పుకున్నారు.