ఊడిన పన్ను దాచడానికి ఏది కొనాలి: టూత్ సేవర్ డబ్బా, ఓఆర్‌ఎస్, క్లింగ్ ఫిల్మ్, పాల ప్యాకెట్

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. వానకు తడిసిన రాతిమెట్టు మీద పరిగెత్తే పిల్లవాడు బోర్లా పడితే ముందుగా దెబ్బ తగిలేది పైవరస ముందుపళ్ళకే. సగం దారిలో పన్ను ఊడిందంటే, పైకెక్కినా కిందికి దిగినా డాక్టరు దగ్గరికి చేరేసరికి గంట ఇట్టే దాటిపోతుంది. ఆ గంటసేపు పన్నును దేంట్లో ఉంచుతామన్నదే అది నిలుస్తుందా పోతుందా తేలుస్తుంది. అందుకే ఈ సమీక్ష.

దాచే సరుకు కంటే ముందు ఒక సంగతి. పంటి వేరును అంటుకుని సన్నటి పొర ఉంటుంది. పన్నును ఎముకకు పట్టి ఉంచేది అదే. గాలికి ఆరితే 30 నిమిషాల్లో అందులోని కణాలు చాలామటుకు చచ్చిపోతాయి, 60 నిమిషాలు దాటితే దాదాపు ఏవీ మిగలవు. కాబట్టి ఏ డబ్బా కంటే కూడా మంచి చోటు ఆ పన్ను ఊడిన గుంతే. పెద్దవాళ్ళయితే, చెప్పిన మాట వినే వయసు పిల్లలయితే, అక్కడికక్కడే తిరిగి పెట్టేయాలి. పన్నును తెల్లగా కనిపించే పైభాగంతోనే పట్టుకోవాలి, వేరును ముట్టుకోకూడదు. మట్టి అంటితే పాలతోనో సెలైన్‌తోనో మెల్లగా కడగాలి, లేదా వాళ్ళ ఉమ్మితోనే. రుద్దడం, గీకడం, సబ్బు, డెట్టాల్, పసుపు ఏవీ వద్దు. నున్నగా ఉబ్బిన వైపు పెదవికి, గుల్లగా వంగిన వైపు నాలుకకు రావాలి. పక్క పన్నుతో ఎత్తు సరిపోయేదాకా వేలితో నెమ్మదిగా నొక్కి, మడిచిన శుభ్రమైన గుడ్డను కొరికి పట్టుకోమనాలి. 15 నిమిషాల్లోపే ఇది జరిగిందంటే కణాలు చాలావరకు బతుకుతాయి.

ఇదంతా శాశ్వత పళ్ళకే. పాలపన్ను ఊడితే తిరిగి పెట్టకూడదు, కింద పెరుగుతున్న పన్నుకు దెబ్బ. సాధారణంగా ఆరేళ్ళలోపు పిల్లలకు ముందుపళ్ళు పాలపళ్ళే.

పెట్టడం కుదరనప్పుడు, అంటే పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తున్నా, పెదవి చీలిపోయినా, అప్పుడు ఈ సరుకుల అవసరం వస్తుంది.

మొదట టూత్ సేవర్ డబ్బా. మూత బిగించే చిన్న సీసా, లోపల హ్యాంక్స్ ద్రావణం. కణాలకు సరిపడేంత ఉప్పు, గ్లూకోజు, కాల్షియం, మెగ్నీషియం అందులో ఉంటాయి. పన్నును వదిలి మూత పెట్టడమే పని. ఫ్రిజ్ అక్కర్లేదు. సరుకుగా మంచిదే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఇబ్బందల్లా వేరే చోట. మందుల షాపులో అడగ్గానే తీసిచ్చేది కాదు, గడువు తీరితే పనికిరాదు. తెప్పించాక అల్మారాలో పెట్టి మరిచిపోతే, అవసరమైన రోజున చెల్లిపోయిన సీసా చేతికొస్తుంది. 24 గంటలు నిలుస్తుందని చెబుతారు కదా అని రేపు పొద్దున్నకు వాయిదా వేయకూడదు, ఎంత తొందరగా పెడితే అంత మంచిది. కబడ్డీ, క్రికెట్ కోచింగులకూ, హాస్టళ్ళకూ, వ్యాయామ మాస్టార్లకూ కొనమంటాను. ఇంటికి తప్పనిసరి కాదు.

ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్‌కు నా ఓటు. ప్రథమ చికిత్సపై 2020లో వచ్చిన అంతర్జాతీయ సూచనలు హ్యాంక్స్ ద్రావణంతో పాటు దీన్నీ మంచి పద్ధతుల్లో చేర్చాయి. ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది, నడకదారిలో ఎండకు సొమ్మసిల్లిన వాళ్ళకూ పనికొస్తుంది. చెడేదల్లా కలపడంలోనే. లీటరు ప్యాకెట్ మొత్తాన్ని అరలీటరు సీసాలో పోస్తే ద్రావణం చిక్కబడి కణాల్లోని నీటిని లాగేస్తుంది. చిటికెడు వేసి సరిపెడితే మామూలు నీళ్ళే అవుతుంది. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లు కొనండి, కొలత సులువు. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ప్యాకెట్ మీద ఉండాలి: లీటరుకు మొత్తం 20.5 గ్రాములు, అందులో గ్లూకోజు 13.5, ఉప్పు 2.6. పండ్లరసం రుచితో అట్టపెట్టెల్లో వచ్చే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు, వాటిలో పన్ను వేయొద్దు.

క్లింగ్ ఫిల్మ్ గురించి ఇక్కడ చాలామందికి తెలియదు. వంటింట్లో గిన్నెల మీద కప్పే పారదర్శకమైన పలచటి షీటు. పన్ను ఉన్న తడితో ఉన్నట్టే, గాలి చొరబడకుండా నాలుగు చుట్లు చుడితే చాలు, ఆరదు. జేబురుమాలులోనో టిష్యూలోనో చుట్టడం మాత్రం అన్నిటికంటే పెద్ద తప్పు. అవి వేరు మీది తడిని పీల్చేస్తాయి. శుభ్రంగా చుట్టామనుకుంటారు, పన్ను లోపల ఎండిపోతూ ఉంటుంది.

ఇక పాలు. దంత గాయాల అంతర్జాతీయ సంఘం 2020 మార్గదర్శకాల్లో దాచే ద్రవాల్లో పాలనే మొదట పెట్టింది. కణాలకు పాలలోని లవణాల గాఢత సరిపోతుంది, పులుపు ఉండదు, తిరుపతి జిల్లాలో పాలు దొరకని ఊరంటూ లేదు. మెట్లదారి టీకొట్టులో అడిగేటప్పుడు మాత్రం సరిగ్గా అడగాలి: "అన్నా, పొయ్యి మీదివి కాదు, ప్యాకెట్‌లోని చల్లటి పచ్చిపాలు అరగ్లాసు ఇయ్యి." పొయ్యి మీద మరుగుతున్నవి, చక్కెర కలిపినవి, బాదంపాలు పనికిరావు. మజ్జిగ, పెరుగు పులుపువల్ల అసలే వద్దు. మూత గట్టిగా పట్టే చిన్న స్టీలు డబ్బాలో వేరంతా మునిగేలా పోయాలి, యాభై మిల్లీలీటర్లు చాలు. వెన్న శాతం గురించి బెంగ అక్కర్లేదు, ఏ రంగు ప్యాకెట్ దొరికితే అదే.

సెలైన్ సీసా వీటన్నిటి తరవాతే. ఉప్పు గాఢత సరిపోతుంది గానీ కణాలకు తిండి ఉండదు. ఉమ్మి పర్వాలేదు: పన్నును గ్లాసులో వేసి అందులోకి ఉమ్మమనాలి. బుగ్గలో పెట్టుకోమనడం పెద్దవాళ్ళకే, చిన్నపిల్లలు మింగేస్తారు. కుళాయి నీళ్ళలో కణాలు ఉబ్బి పగిలిపోతాయి, ఇంకేమీ లేనప్పుడు ఆరబెట్టడం కంటే నయం, అంతే. కొబ్బరినీళ్ళు మంచివనే మాట బాగా తిరుగుతోంది. వాటికి పులుపు ఎక్కువ, పాలు దొరికే చోట వాటి జోలికి పోవద్దు.

స్పృహ తప్పినా, వాంతులవుతున్నా పన్ను సంగతి తరవాత, ముందు ఆసుపత్రి. పన్ను ఎక్కడా కనబడక దగ్గు ఆగకపోతే ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో ఎక్స్‌రే తీయించాలి.

తిరుపతిలో రేణిగుంట రోడ్డులో దంతవైద్య కళాశాల ఉంది, ఊరినిండా క్లినిక్‌లున్నాయి. ఎక్కడికెళ్ళినా బయల్దేరే ముందే ఫోన్ చేసి, "పన్ను ఊడింది, పాలలో ఉంది, ఇప్పుడే తిరిగి పెడతారా?" అని అడగండి. రేపు రమ్మంటే ఇంకోచోటికి ఫోన్ చేయండి. పెట్టాక పక్కపళ్ళతో కలిపి కొద్దిగా కదిలేలా సన్నటి తీగ కడతారు, రెండు వారాలు. బిగుసుకుపోయే మందపు తీగ మంచిది కాదు, వేరు ఎముకకు అతుక్కుపోతుంది. వేరు మొన పూర్తిగా మూసుకున్న పన్నుకు రెండు వారాల్లోపు రూట్ కెనాల్ మొదలవ్వాలి. మొన ఇంకా తెరుచుకుని ఉన్న పిల్లలకు రక్తప్రసారం తిరిగి వస్తుందేమో చూస్తూ ఆగుతారు. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో చెప్పాలి. రెండు వారాలు మెత్తటి అన్నం, మెత్తటి బ్రష్, రోజుకు రెండుసార్లు క్లోర్‌హెక్సిడిన్ 0.12 శాతం పుక్కిలింత. ఆ తరవాత నాలుగో వారం, మూడో నెల, ఆరో నెల, ఏడాదికి చూపించుకోవాలి. అక్కణ్ణుంచి కనీసం ఐదేళ్ళ దాకా ఏటా ఒకసారి ఎక్స్‌రే.