కేదార్‌కంఠ: జారుడుబండ మాకు దక్కలేదు

డిసెంబరు రెండో వారంలో నల్లగొండ నుంచి నలుగురం ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకు వెళ్లొచ్చాం. శిఖరం ఎత్తు దాదాపు 12,500 అడుగులు. మా తయారీ అంతా నాలుగు ఆదివారాలు భువనగిరి గుట్ట ఎక్కడమే. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ తీసుకున్నది ఆ గుట్ట మీదే కదా, మనకూ చాలనుకున్నాం. మోకాళ్లకు, ఊపిరికి చాలింది. మంచు సంగతి వేరు. బండ నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది, మంచు వాలు ఒక్క రాత్రిలో మారిపోతుంది.

డెహ్రాడూన్ నుంచి, నడక మొదలయ్యే సాంక్రీ ఊరికి దాదాపు 200 కిలోమీటర్లు, పొద్దంతా మలుపులే. మా బావమరిది మూడుసార్లు బండి ఆపించాడు. చేతి ఖర్చులకు డబ్బులు దారిలో వచ్చే పురోలాలోనే తీసుకుని పెట్టుకోండి.

సాంక్రీలో హోమ్‌స్టేకి నేను పూర్తి మార్కులు వేస్తాను. చెక్క గది, మనిషికో బకెట్ వేడినీళ్లు, రాజ్మా అన్నం. మేం పట్టుకెళ్లిన చింతకాయ తొక్కు ఇంటావిడకు ఎంత నచ్చిందంటే, సీసా మళ్లీ మా చేతికి రాలేదు. పైన క్యాంపులో టెంటు ముగ్గురికని చెప్పారు కానీ ఇద్దరికే సరి. స్లీపింగ్ బ్యాగుల వాసన గురించి చెప్పకపోవడమే మేలు.

మమ్మల్ని తీసుకెళ్లిన కంపెనీ మీద నా ఫిర్యాదు ఇంకోటుంది. మంచు చరియ కింద కూరుకున్న మనిషిని పావుగంటలోపు తవ్వి తీస్తే బతికే అవకాశం బాగుంటుంది, ఆ తర్వాత గబగబా పడిపోతుంది. కింది నుంచి సాయం వచ్చేదాకా ఆగితే ఆశ వదులుకోవాల్సిందే. అందుకే కూరుకున్న చోటు పసిగట్టేలా సిగ్నలిచ్చే, ఒంటికి కట్టుకునే బీకన్, గుచ్చి చూసే పొడవాటి కడ్డీ, పార, ఈ మూడూ పక్కనున్నవాళ్ల దగ్గరే ఉండాలి. ఫోన్లో 'అన్నీ ఉంటాయి సార్' అన్నారు. తీరా చూస్తే ఇరవై మందికి ఒకే పార, అదీ టెంటు చుట్టూ మంచు తీయడానికి!

ఆ లోటు కొంత పూడ్చింది గైడే. మేం వెళ్లడానికి రెండ్రోజుల ముందు బాగా మంచు పడింది. శిఖరం చూసి దిగుతుంటే నీడవైపు నున్నటి వాలు కనిపించింది. అందరూ అక్కడ వీపు మీద జారుతూ వీడియోలు తీసుకుంటారు, సగం మంది వచ్చేదే అందుకు. అతను ఒప్పుకోలేదు. పక్కనే, వాలు తక్కువున్న చోట మోకాలి లోతు గుంట తవ్వి చూపించాడు. పైన అట్టలా గట్టిపడిన కొత్త మంచు, దాని కింద సీజన్ మొదట్లో పడిన పాతది. ఆ పాతది గుప్పెట్లోకి తీసుకుంటే ముద్ద కట్టలేదు, చక్కెర పలుకుల్లా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. పలచటి తొలి మంచు చలికి అలా పలుకులవుతుందట, పైన బరువు పడితే అట్ట మొత్తం ఒక్కసారిగా జారొచ్చు. చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. ఆ నున్నటి వాలును ఫోన్‌తో కొలిస్తే 36 వచ్చింది.

'భాయ్, ద్రౌపదీ కా దండా గుర్తుందా?' అన్నాడు. 2022 అక్టోబరు 4న ఇదే ఉత్తరకాశీ జిల్లాలోని ఆ శిఖరం మీద, పర్వతారోహణ శిక్షణలో ఉన్న బృందం మీద చరియ విరిగిపడింది. 27 మృతదేహాలు దొరికాయి, ఇద్దరి ఆచూకీ అప్పట్లో తెలియలేదు. ఇక మేం ఎవరం నోరెత్తలేదు. చెట్లున్న గట్టు వెంబడే, వచ్చిన దారిలోనే దిగాం.

మా వెనకాల వచ్చిన ఇంకో బృందం మాత్రం అదే వాలులో కేకలు పెడుతూ జారింది. వాళ్లకేమీ కాలేదు. వాళ్ల వీడియో చూసినప్పుడల్లా మా బావమరిది నన్నే తిడతాడు, గైడుకు ఐదొందలు టిప్పు ఎక్కువిచ్చింది నేను కదా.