లైసోజైమ్‌కి నేనిచ్చిన మార్కుల్లో సగం వేరేవాళ్లవి

శబ్ద తరంగాలతో కణాల్ని పగలగొట్టే సోనికేటర్ కోసం వరసలో నిలబడే బాధ తప్పించిన పొడి కాబట్టి లైసోజైమ్ అంటే నాకు మొదటి నుంచీ పక్షపాతమే. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. ఇది గుడ్డు తెల్లసొన నుంచి తీసే ఎంజైమ్ అనీ, 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ దీన్ని లోకానికి చెప్పాడనీ, బాక్టీరియా కణకవచంలోని పెప్టిడోగ్లైకాన్ గొలుసుల్ని తెంపుతుందనీ ఇది చదివేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నేను వాడేది దాదాపు ఎప్పుడూ ఈ. కోలై అనే బాక్టీరియా మీదే, లోపల తయారైన ప్రొటీన్‌ని పాడవకుండా బయటికి లాగడానికి.

ఇందులో నాకు బాగా నచ్చేది, పని జరుగుతోందని కంటికి తెలియడం. పెల్లెట్‌ని (అడుగున ముద్దగా చేరిన కణాల్ని) బఫర్‌లో కలిపినప్పుడు ట్యూబ్ వెనక వేలు పెడితే వేలు కనబడదు, అంత మసక. లైసోజైమ్ వేసి ఐస్‌లో ఉంచి, ఆ తర్వాత కాస్త ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ కలిపి మెల్లగా తిరగేస్తే ద్రవం తేటపడుతూ వస్తుంది. కాసేపటికి వేలి గీతలు కూడా కనిపిస్తాయి. చప్పుడు లేదు, వేడి లేదు. సోనికేటర్‌తో ఆ రెండూ ఉంటాయి, పైగా ప్రొటీన్ వేడికి తట్టుకోనిదైతే టెన్షన్ అదనం.

తేటపడటంతో పాటు జిగురు కూడా వస్తుంది. కణం పగిలితే ప్రొటీన్ ఒక్కటే రాదు కదా, క్రోమోజోమ్ మొత్తం బయటపడుతుంది. ఈ. కోలై కణం పొడవు రెండు మైక్రోమీటర్లు ఉంటే, దానిలో చుట్టుకుని ఉన్న డీఎన్ఏని చాపితే మిల్లీమీటరున్నర. సోనికేటర్ ఆ పోగుల్ని ముక్కలు చేసేస్తుంది, లైసోజైమ్ వాటి జోలికే పోదు. అందుకే అందరూ డీఎన్ఏని తెంపే ఎంజైమ్, డీఎన్ఏస్, కొంచెం వేస్తారు, నేనూ అంతే. కణాల్ని పగలగొట్టడానికని అమ్మే రెడీమేడ్ లైసిస్ బఫర్ ఒకటి కొనేదాకా దాంతో ఏ గొడవా లేదు.

ఆ బఫర్ మొదట్లో భలే అనిపించింది. అంతకుముందు పెల్లెట్‌ని ఒక రాత్రి ఫ్రీజర్‌లో ఉంచి, మర్నాడు కరిగించి పని మొదలుపెట్టేవాణ్ణి. ఈ బఫర్‌లో అయితే అప్పుడే సెంట్రిఫ్యూజ్‌లోంచి తీసిన తాజా కణాలు కూడా లైసోజైమ్ పడగానే లొంగిపోయాయి. ఇక ఫ్రీజర్ ఎందుకనుకున్నాను. తర్వాతే అసలు కథ. డీఎన్ఏస్ వేశాను, జిగురు తగ్గలేదు. ఇంకాస్త వేశాను, అదే తీరు. పిపెట్ టిప్ పైకెత్తితే తీగలా సాగి, టిప్‌ని వదలకుండా ట్యూబ్‌లో ఉన్నదంతా ఒక ముద్దలా వెంట లేచి వచ్చేది. చివరికి సిరంజి సూదిలోంచి బలవంతంగా అటూ ఇటూ పంపి పలచన చేసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన నీటిని నికెల్ కాలమ్ మీద పోశాను.

నీలంగా ఉండాల్సిన కాలమ్ పైనుంచి కిందికి తెల్లబడుతూ వచ్చింది. నా కళ్లెదుటే. నికెల్‌కి అతుక్కునే హిస్టిడిన్ ట్యాగ్ ఉన్న నా ప్రొటీన్ ఒక్క చుక్క కూడా ఆగకుండా కింద గ్లాసులోకి కారిపోయింది. అప్పుడు రెండు ముళ్లూ ఒకేసారి విడిపోయాయి. నికెల్‌ని పట్టుకుపోయింది ఈడీటీఏ, లోహ అయాన్లని గట్టిగా పట్టేసే రసాయనం. డీఎన్ఏస్‌కి కావలసిన మెగ్నీషియంని కట్టేసిందీ అదే. సీసా మీద చూస్తే ట్రిస్, ఉప్పు, 'స్టెబిలైజర్లు' అని మాత్రమే ఉంది. అమ్మినవాళ్లని అడిగితే మొదటి మెయిల్‌లో కాలమ్‌ది తప్పన్నారు. రెండో మెయిల్‌లో ఈడీటీఏ 5 మిల్లీమోలార్ ఉందని ఒప్పుకున్నారు. ఆ ఒక్క పదం లేబుల్ మీద అచ్చేయడానికి సిరా సరిపోలేదేమో! మిగిలిన సీసాని పారేయకుండా మెగ్నీషియం క్లోరైడ్ 10 మిల్లీమోలార్ అయ్యేలా కలిపి చూశాను. ఈడీటీఏ తన వాటా పట్టుకుపోగా మిగిలిన మెగ్నీషియంతో డీఎన్ఏస్ పనిలో పడింది, కొద్ది నిమిషాల్లో జిగురు నీళ్లయింది.

దీని తర్వాత, లైసోజైమ్ గురించి పైన రాసిన మెప్పుని కొంచెం సర్దుకోవాలి. ఈ. కోలైకి బయట ఇంకో పొర ఉంటుంది. అందులోని రంధ్రాల్లోంచి సులువుగా దూరగలిగేది సుమారు 600 డాల్టన్ల సైజు అణువుల దాకానే. లైసోజైమ్ బరువు 14,300. తనంతట తాను కణకవచం దాకా వెళ్లనే లేదు. ఆ పొరలోని లైపోపాలిసాకరైడ్ అణువుల్ని ఒకదానితో ఒకటి పట్టి ఉంచేది మెగ్నీషియం అయాన్లు. ఈడీటీఏ వాటిని లాగేస్తే పొర వదులవుతుంది, అప్పుడు ఎంజైమ్‌కి దారి దొరుకుతుంది. ఇదివరకు ఆ పని నా ఫ్రీజర్ చేసేది, గడ్డకట్టి కరగడంలో పొర చిట్లేది. సొమ్మొకడిది, సోకొకడిది. అనుమానం తీరక, ఈడీటీఏ లేని బఫర్‌లో తాజా కణాల్ని పెట్టి లైసోజైమ్ ఒక్కటే వేసి చూశాను. ట్యూబ్ వెనక వేలు కనబడనే లేదు.

ట్రైటాన్‌కి కూడా దక్కాల్సిన వాటా ఉంది. గోడ బలహీనపడ్డాక లోపలి పొరని కరిగించి ప్రొటీన్‌ని వదిలేది అదే. చిరాకల్లా, అది 280 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకోవడం. ప్రొటీన్ లెక్క చూసేదీ ఆ కాంతితోనే కాబట్టి అంకె నమ్మలేం. ఎస్‌డీఎస్ అనే ఘాటైన డిటర్జెంట్ అయితే ప్రొటీన్ మడతలన్నీ విప్పేస్తుంది కాబట్టి నా పనికి పనికిరాదు, లైసోజైమ్‌నీ వదలదు. ప్లాస్మిడ్ (బాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) తీసేటప్పుడు మాత్రం కథ తిరగబడుతుంది. 1979లో బిర్న్‌బోయిమ్, డోలీ రాసిన ఆల్కలైన్ పద్ధతిలో లైసోజైమ్ కూడా ఉండేది. ఇప్పుడు వేయకుండానే చేస్తాం, సోడియం హైడ్రాక్సైడ్, ఎస్‌డీఎస్ కలిస్తే చాలు. అలాగని ఎస్‌డీఎస్ ఒక్కటే బతికున్న ఈ. కోలైని ఇట్టే పగలగొడుతుందనుకోకండి. పేగుల్లో పిత్త లవణాల మధ్య పెరిగే జీవి అది, డిటర్జెంట్ దానికి కొత్త కాదు. (ఎస్‌డీఎస్ పొడి తూచేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, లేకపోతే గదంతా తుమ్ములే.)

ఒకసారి పక్క బెంచీవాళ్లు స్టఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా కోసం నా సీసాలోంచి కొంత పట్టుకెళ్లారు. గ్రామ్ పాజిటివ్ కదా, బయటి పొర అడ్డే లేదు, ఇంకా సులువనుకున్నారు. ఏమీ జరగలేదు. దాని పెప్టిడోగ్లైకాన్ మీద అసిటైల్ గుంపులు ఉండటంతో లైసోజైమ్‌కి పట్టు చిక్కదు. వాళ్లు దాని గోడని తెంపే వేరే ఎంజైమ్, లైసోస్టాఫిన్, తెప్పించుకోవాల్సి వచ్చింది.

మళ్లీ కొంటానా అంటే, పొడి కొంటాను, ఆ బఫర్ కొనను. పెల్లెట్ మళ్లీ ఫ్రీజర్‌కే వెళ్తోంది. అయితే నావి చిన్న కల్చర్లు, ప్రొటీన్లన్నీ 30 కిలోడాల్టన్లకి పైనే. మీది 14 దగ్గర ఉంటే ప్రొటీన్లని సైజు వారీగా విడదీసే జెల్ మీద లైసోజైమ్ బ్యాండ్ సరిగ్గా అక్కడే కూర్చుంటుంది, ఏది ఎవరిదో తేల్చుకోవడం కష్టం. లీటర్ల కొద్దీ పెంచేవాళ్లకి కణాల్ని ఒత్తిడితో పగలగొట్టే హోమోజనైజరే నయం కావచ్చు. మీ సోనికేటర్ దగ్గర రద్దీ లేకపోతే ఈ పొడి లేకుండా కూడా రోజు గడిచిపోతుంది. మా దగ్గర మాత్రం ఆ వరస ఇంకా అలాగే ఉంది.