కరువు బీమాకి ప్రీమియం కట్టాలా, సర్కారు సాయం కోసం ఎదురుచూడాలా: ఏది మేలు?

మొన్న జూలైలో నాన్న ఫోన్ చేశాడు. నేను విజయవాడ ఆటోనగర్లో పనిలో ఉన్నాను. "ఏరా, పంటల బీమాకి డబ్బులు కట్టమంటున్నారు. కట్టమంటావా, ఊరుకోమంటావా?" అని అడిగాడు. సాయంత్రం చెప్తానన్నాను. ఆ సాయంత్రం కాస్తా నాలుగు రోజులైంది, ఎందుకంటే లెక్కేసుకుంటూ కూర్చుంటే ఇది కట్టడమా మానడమా అన్న ఒక్క ప్రశ్న కాదని అర్థమైంది.

మాది గుంటూరు జిల్లా పెదనందిపాడు పక్కన ఊరు. నల్లరేగడి, వానాధారం. ఖరీఫ్‌లో పత్తి, మిర్చి, రబీలో శనగ. గుంటూరు ఛానల్ కాలువ మా వైపు పొడిగించమని ఎన్నాళ్ల నుంచో అడుగుతూనే ఉన్నారు, కాబట్టి ప్రస్తుతానికి మాకు నీళ్లంటే పైనుంచి పడేవే. ఇంకో సంగతి, 1922లో పన్ను కట్టేది లేదని బ్రిటిష్ వాళ్లకే ఎదురుతిరిగిన ఫిర్కా (కొన్ని ఊళ్ల సముదాయం) ఇది. అలాంటి చోట "ప్రీమియం మీ ఇష్టపూర్వకంగా కట్టండి" అంటే ఎంతమంది లేచి నిలబడతారో మీరే ఊహించుకోండి.

పైగా మధ్యలో ఉచితానికి అలవాటు పడ్డాం. 2019 ఖరీఫ్‌లో రైతు వాటా ఒక్క రూపాయి. 2020 నుంచి రాష్ట్రం కేంద్రం పథకమైన ఫసల్ బీమా నుంచి బయటికొచ్చి సొంతంగా ఉచిత బీమా నడిపింది, 2022 ఖరీఫ్‌లో మళ్లీ కేంద్రం పథకంలో చేరినా రైతు వాటా రాష్ట్రమే కట్టింది. 2024-25 రబీ నుంచి మళ్లీ రైతే కట్టుకోవాలి, అదీ ఇష్టమైతేనే. అందుకే ఊళ్లో ఎవరిని కదిపినా ఒకటే మాట, "ఫ్రీగా ఉన్నదానికి ఇప్పుడు డబ్బులెందుకు?"

సరే, ఎంత డబ్బులో చూద్దాం. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో రైతు వాటా ఖరీఫ్ తిండి పంటలకి, నూనెగింజలకి బీమా మొత్తంలో (పంట పూర్తిగా పోతే వచ్చే సొమ్ములో) 2 శాతం, రబీలో 1.5, పత్తి, మిర్చి లాంటి వాణిజ్య పంటలకి 5 శాతం. అసలు ప్రీమియం అంతకంటే చాలా ఎక్కువ ఉండొచ్చు. మిగతాది కేంద్రం, రాష్ట్రం చెరి సగం పెట్టుకుంటాయి. మెట్ట పంటలకి అసలు ప్రీమియం 30 శాతం దాటితే, నీటి వసతి ఉన్నచోట 25 దాటితే, ఆ పైదానికి కేంద్రం సాయం చేయదు, రాష్ట్రమే మోసుకోవాలి. ఈ పద్ధతి 2020లో వచ్చింది. ఈ పథకాన్నీ, వాన లెక్కని బట్టి చెల్లించే వాతావరణ బీమా పథకాన్నీ 2025-26 దాకా కొనసాగించడానికి కేంద్ర కేబినెట్ ఒప్పుకున్న మొత్తం 69,515 కోట్లు. అంటే మనం కట్టే ప్రతి రూపాయికీ వెనక సర్కారు సొమ్ము బాగానే ఉంది, మనం కట్టకపోతే ఆ సొమ్ము కూడా మన పొలం దాకా రాదు. నాన్నకి ముందు చెప్పింది ఇదే.

పథకం మొదలైనప్పటి నుంచి రైతులు కట్టింది దాదాపు 36 వేల కోట్లు, అందుకున్నది 1.8 లక్షల కోట్ల పైన అని కేంద్రం చెబుతుంటుంది. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది కానీ ఇందులో చిన్న మెలిక ఉంది. సర్కార్లు కట్టిన ప్రీమియం వాటా ఆ 36 వేల కోట్లలో లేదు. కంపెనీలు ఎంత మిగుల్చుకున్నాయో తెలియాలంటే మొత్తం ప్రీమియంతో పోల్చాలి. అయినా మా నాన్న వైపు నుంచి చూస్తే ఆయన జేబులోంచి పోయేది ఆయన వాటానే కాబట్టి, ఆ లెక్క పూర్తిగా తప్పని కూడా అనలేను.

ఇప్పుడు రెండో దారి. బీమా కట్టకుండా, కరువొస్తే సర్కారు ఇచ్చే పెట్టుబడి రాయితీ తీసుకోవడం. ఇది విపత్తు సహాయ నిధి నుంచి వస్తుంది. 2022-26 నిబంధనల ప్రకారం పంట 33 శాతం పైన పోతే వానాధార భూమికి హెక్టారుకి 8,500, నీటి వసతి ఉంటే 17,000, అదీ రెండు హెక్టార్ల వరకే. 8,500 అంటే ఎకరాకి 3,400 చిల్లర. మిర్చికి కౌలుతో కలిపి ఎకరాకి లక్షన్నర, రెండు లక్షలు పెట్టే చోట ఈ డబ్బు కోత కూలీలకి కూడా చాలదు. రాష్ట్రం తలుచుకుంటే పైన కలుపుతుంది, 2024 సెప్టెంబర్ వరదల తర్వాత వరికి ఎకరాకి 10 వేలు ప్రకటించారు కదా. కానీ అప్పుడు విజయవాడలో బుడమేరు పొంగి సగం ఊరు నీళ్లలో ఉంది, టీవీలన్నీ ఇక్కడే ఉన్నాయి. కరువు అలా కనిపించదు. చేను రోజుకింత ఎండుతుంటే కెమెరా ఎవరు తెస్తారు? కరువు సాయం రావాలంటే ముందు మండలాన్ని కరువు మండలంగా ప్రకటించాలి, జాబితాలో మన మండలం లేకపోతే పక్క మండలం వాళ్లని చూసి నిట్టూర్చడమే.

గుజరాత్ 2020లో ఫసల్ బీమా మానేసి ప్రీమియం లేకుండా ఇలాంటి సాయమే పెట్టింది, 33 నుంచి 60 శాతం నష్టానికి హెక్టారుకి 20 వేలు, అంతకు మించితే 25 వేలు, నాలుగు హెక్టార్ల దాకా. మన 8,500 కంటే నయం. అయినా అదీ ఒక స్థిరమైన మొత్తమే, మిర్చి వేసినా జొన్న వేసినా అంతే.

పక్కపక్కన పెట్టి చూపిస్తా. శనగకి ఎకరాకి 30 వేలు బీమా మొత్తం అనుకుందాం (ఇవి నేను వేసుకున్న లెక్కలు, మీ ఊరికి వేరే ఉంటాయి). రబీ కాబట్టి 1.5 శాతం, 450 రూపాయలు. గత ఏడేళ్లలో మంచి ఐదేళ్ల సగటు దిగుబడి 8 క్వింటాళ్లు, అందులో 80 శాతానికి హామీ అంటే 6.4. ఈ ఏడు ఊరి సగటు 4 క్వింటాళ్లే వచ్చిందనుకోండి. తగ్గింది 2.4, అంటే 37.5 శాతం. 30 వేలలో అది 11,250. పెట్టుబడి రాయితీ అయితే 3,400. 450 కట్టినోడు ముందున్నాడు. అదే ఊరి సగటు ఆరున్నర వచ్చి, మీ చేలో మాత్రం రెండే వస్తే? బీమాలో సున్నా. సర్కారు సాయానికి మాత్రం మనిషి వచ్చి మీ చేను చూసి రాసుకుంటాడు. బీమా ఊరిని చూస్తుంది, సాయం చేనుని చూస్తుంది. ఈ ఒక్క తేడా తెలియకే మా ఊళ్లో సగం మంది "కట్టాం, ఏం వచ్చింది?" అని తిట్టుకుంటారు.

ఆ ఊరి సగటు ఎలా తేలుస్తారో ఒకసారి దగ్గరుండి చూశాను. శనగ చేలో టేపు పెట్టి ఐదు మీటర్లు, ఐదు మీటర్లు చదరం కొలిచారు, నాలుగు మూలలా పుల్లలు పాతి తాడు కట్టారు. లోపలి మొక్కలన్నీ పీకి పట్టా మీద వేసి కొట్టి, గింజలు తూర్పారబట్టి సంచిలో పోసి తూకం వేశారు. తూకం అంకెని ఫోన్లో ఫొటో తీసి యాప్‌లో ఎక్కించారు. ఇలా ప్రధాన పంటకి ఊరికి నాలుగు. ఏ సర్వే నంబరులో కోయాలన్నది ముందే లాటరీలా వస్తుంది. ఆ రోజు వచ్చింది బోరు ఉన్న రైతు చేను. ఒక తడి పెట్టుకున్న చేను అది, గింజ నిండుగా ఉంది. గట్టు మీద నిలబడ్డ నాన్న ఏమీ అనలేదు, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఇంటి దారి పట్టాడు. అలాగని ఎవరూ మోసం చేయలేదు, లాటరీ అలా పడింది అంతే.

మరి వాతావరణ బీమా మేలా? ఇందులో కోతలు, తూకాలు ఏమీ ఉండవు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఇంత వాన పడాలి, వరసగా ఇన్ని రోజులు బెట్ట ఉంటే ఇంత డబ్బు అని ముందే పట్టిక ఉంటుంది, వాతావరణ కేంద్రంలో నమోదైన లెక్కని బట్టి చెల్లిస్తారు. మన దేశంలో ఇది మొదట ప్రయత్నించింది కూడా తెలుగు నేల మీదే, 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో. నచ్చేదేమిటంటే ఎవరి దయా అక్కర్లేదు, మొక్క ఎండిందా లేదా అన్న వాదన లేదు. 2023 ఆగస్టు గుర్తుందా? 1901 నుంచి చూస్తే దేశంలో అంత పొడి ఆగస్టు లేదు. అలాంటి నెలలో పత్తి రైతుకి కావాల్సింది ఇలాంటి బీమానే.

కానీ వాన లెక్క మిషన్ది, చేనుది కాదు. మా ఊరికీ మండల కేంద్రానికీ మధ్య రోడ్డుకి ఒక పక్క వాన కురిసి, రెండో పక్క దుమ్ము లేవడం నేను బండి మీద వెళ్తూ ఎన్నిసార్లు చూశానో. మిషన్ ఉన్న పక్క కురిస్తే మన చేను కూడా తడిసినట్టే లెక్క. పంచాయతీకో వాన కొలిచే యంత్రం పెట్టే విండ్స్ అనే కార్యక్రమం కేంద్రం మొదలుపెట్టింది, అది నిజంగా ఊరూరా వస్తే ఈ బాధ చాలా తగ్గుతుంది. ఇంకొకటి, మిషన్‌కి పురుగు కనపడదు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు మిర్చిని ఊడ్చేసిందే, అప్పుడు వాన లెక్క ఏం చెబుతుంది? దిగుబడి బీమా అయితే పురుగు తిన్నా, బెట్ట తిన్నా సగటు పడిపోయిందా లేదా అన్నదే చూస్తుంది.

కాబట్టి నా లెక్కలో మెట్ట పత్తికి వాతావరణ బీమా, మిర్చికీ శనగకీ దిగుబడి బీమా మేలు. అయితే మనకి మెనూ కార్డు ఇచ్చి ఏది కావాలని అడగరు. ఏ జిల్లాలో ఏ పంట ఏ పథకం కిందికి వస్తుందో సీజన్ ముందు రాష్ట్రం నోటిఫికేషన్ ఇస్తుంది, మన చేతిలో ఉన్నది కట్టడం, మానడమే. రైతు సేవా కేంద్రంలో అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎంత కట్టాలి" కాదు, "నా పంట దేని కింద ఉంది, సగటు తీసే యూనిట్ ఊరా, మండలమా" అన్నది. బ్యాంకులో పంట రుణం ఉంటే వాళ్లే పట్టుకుని కట్టేస్తారు, వద్దనుకుంటే కటాఫ్ తేదీకి వారం ముందు రాసివ్వాలి. ధర పడిపోతే మాత్రం ఏ బీమా పలకదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కూలితే కేంద్రం క్వింటాకి 11,781 అని ప్రకటించింది చూడండి, అది వేరే ఖాతా.

డెల్టా వాళ్ల కథ వేరు. మా మేనత్త వాళ్లది తెనాలి దగ్గర, కాలవ కింద వరి. వాళ్లకి కరువు కంటే డిసెంబర్ తుపాను భయం. 2023లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసి పరిచిన పనలు నీళ్లలో తేలాయి. కోశాక 14 రోజుల్లోపు ఇలా జరిగితే, నోటిఫికేషన్‌లో ఆ కవర్ ఉంటే, 72 గంటల్లో తెలియజేయాలి. కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు, మామయ్య పనలు ఒడ్డుకి చేర్చుకుంటాడా, ఫోన్ పట్టుకుని కూర్చుంటాడా? ఇప్పుడు 14447 నంబరు ఉంది, ఫోన్ నంబర్ల పుస్తకంలో ముందే రాసిపెట్టమని అత్తకి చెప్పాను.

ఇక ఉచితమా, డబ్బు కట్టడమా అన్నదానికి నా మాట చెప్పేస్తా. ఉచితంలో అందరూ ఉంటారు, అది పెద్ద విషయం, కొట్టిపారేయలేం. ఈ-పంటలో (ఎవరు ఏ పంట వేశారో సర్కారు రాసుకునే నమోదులో) పేరుంటే చాలు. కానీ ఆ రోజుల్లో మా బాబాయి మూడెకరాలు కౌలుకి చేశాడు. ఈ-పంట నమోదు మాత్రం భూమి యజమాని పేరు మీద జరిగింది. పరిహారం జాబితా గోడకి అంటించాక గానీ ఆయనకి ఆ సంగతి తెలియలేదు. డబ్బు హైదరాబాద్‌లో ఉన్న యజమాని ఖాతాలో పడింది, ఆయన అందులో సగం ఇచ్చాడు, అదే మహాభాగ్యం. చేతిలో రసీదు లేనిదానికి ఎవరిని నిలదీస్తాం? అందుకే సొంత భూమి ఉన్నవాడు తన వాటా కట్టి రసీదు తీసుకోవడమే నాకు మేలనిపిస్తుంది, ఆ రసీదు మీద పంట, సర్వే నంబరు, ఎకరాలు ఉంటాయి, తప్పుంటే అప్పుడే పట్టుకోవచ్చు. కౌలు రైతు వాటా మాత్రం సర్కారే కట్టాలి. నష్టం వచ్చాక తలా మూడు వేలు పంచే బదులు ఆ సొమ్ము ముందే వాళ్ల ప్రీమియంలో పెడితే ఎక్కువ పని చేస్తుంది.

నాన్న కట్టాడు. రసీదు పాస్‌బుక్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాడు, నాకు ఫొటో పంపాడు, నేను సర్వే నంబరు సరిచూశాను. బాబాయికి కౌలు రైతుకిచ్చే సాగుదారు హక్కు కార్డు కావాలి, పదకొండు నెలలే చెల్లుతుంది, దానికి యజమాని సంతకం పెట్టాలి. ఆయనేమో సంతకం పెడితే భూమి పోతుందేమోనని భయపడుతున్నాడు. భూమి హక్కుకీ ఆ కార్డుకీ సంబంధం లేదని ఫోన్లో రెండుసార్లు చెప్పాను, "చూద్దాంలే బాబూ" అన్నాడు. ఆదివారం ఊరికొస్తాడట, కాగితం పట్టుకుని నేనూ వెళ్తున్నాను.