తులానికి ఇరవై ఒక్క పెల్లెట్లు

మాది ప్రొద్దుటూరు. బంగారు పని. వారమంతా మిల్లీగ్రాములతో కుస్తీ పట్టి, ఆదివారం పొద్దున్నే మా బావమరిది చీనీ తోటకు పోయి ఎయిర్ గన్‌తో అట్టల మీద గురి చూసుకుంటాను. పిట్టల జోలికి పోను. గొట్టం వంచి ఎక్కించే స్ప్రింగ్ గన్, 4.5 మిల్లీమీటర్ల బోరు. అట్ట వెనక రెండు వరసల ఇసుక మూటలు.

ఈ గన్‌లో వేసే చిన్న సీసపు గుళ్లనే పెల్లెట్లంటారు. వాటి డబ్బాల మీద బరువు గ్రెయిన్లలో వేస్తారు, ఒక్కో గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు. చాలామంది అక్కడే తికమకపడతారు గానీ, మా వృత్తిలో వాళ్లకు అదేం కొత్త కాదు. ఇప్పుడు అందరూ పది గ్రాములనే తులం అంటున్నారు. మా తాత తులం 11.664 గ్రాములు, అంటే సరిగ్గా 180 గ్రెయిన్లు. ఆ లెక్కన జేఎస్‌బీ ఎగ్జాక్ట్ 8.44 గ్రెయిన్ల పెల్లెట్లు తులానికి ఇరవై ఒకటి తూగుతాయి. అదే కంపెనీ హెవీ, 10.34 గ్రెయిన్లది, పదిహేడే. చెక్ దేశపు సరుకు, డబ్బాకు 500. ఈ రెండూ, ఒక నాటు డబ్బా (పేరెందుకులే) కొని పోల్చి చూశాను.

ముందు త్రాసు. పట్టకారుతో ఒక్కో రకంలో ఇరవై తీసి తూచాను. మా దగ్గర పనిచేసే పిల్లోడు "ఏందన్నా, సీసం తూస్తాండావు?" అని నవ్వినాడు. లోపలి నుంచి మా నాయన మాత్రం నవ్వలేదు. "సీసం బంగారు దగ్గరికి తెస్తావురా?" అని ఒకటే అరుపు. ఆయన కోపం న్యాయమే. రవ్వంత సీసం కలిసినా బంగారం పెళుసుబారి, రేకు సాగదీస్తుంటే చిట్లిపోతుంది. అందుకని త్రాసును వరండాలోకి తెచ్చి, కాగితం పరిచి, పనయ్యాక చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాను.

నాటు డబ్బా మీద 8 గ్రెయిన్లని ఉంది. అంటే 518 మిల్లీలు రావాలి. నాకు 496 నుంచి 561 దాకా వచ్చాయి. బంగారంలో 65 మిల్లీలు తేడా వస్తే మా అంగడి మూసుకోవాల్సిందే! కొన్ని గొట్టంలోకి వాటంతటవే జారిపోతాయి, కొన్నిటిని బొటనవేలితో గట్టిగా నొక్కాలి. 8.44 మాత్రం 542 నుంచి 551 మధ్యే నిలబడింది. హెవీ కూడా అంతే సమంగా ఉంది.

అసలు హెవీ కొన్నది ఆషాఢం గాలికి భయపడి. బరువుంటే గాలికి పక్కకు కొట్టుకుపోదు కదా అనుకున్నా. ఆ మాట అబద్ధం కాదు, కానీ నా గన్‌కు ఆ సత్తా లేదు. స్ప్రింగ్ గన్‌లో పిస్టన్ ముందుకు దూకి గాలిని నొక్కుతుంది; బరువు పెల్లెట్ తొందరగా కదలక ఆ గాలి పిస్టన్‌నే వెనక్కి తంతుంది. పెల్లెట్ గొట్టం దాటేలోపే భుజం దగ్గర కుదుపు తెలిసిపోయేది. 20 మీటర్లలో రెండు వేళ్ల మందం కిందికి దిగింది. అది సైట్ తిప్పితే సర్దుకుంటుంది. ఐదు రంధ్రాలు ఐదు దిక్కులకు పోవడమే సర్దుకోలేదు. అలాగని మరీ తేలికవి వేసినా మంచిది కాదు, ఎదురు ఒత్తిడి చాలక పిస్టన్ పోయి గొట్టం మొదట్లో గుద్దుకుంటుంది, స్ప్రింగ్‌కు చేటు.

8.44తో అదే 20 మీటర్లలో ఐదు దెబ్బలనూ పది రూపాయల బిళ్లతో కప్పేయొచ్చు. నాటువాటిని కప్పాలంటే టీ సాసర్ కావాలి. ధర మూడింతలు, నిజమే. కానీ నాటు డబ్బా వాడినన్నాళ్లూ తప్పు నా చేతిదే అనుకుని ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు.

8.44కు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. అర ఎందుకు కోశానంటే, కొరియర్‌లో ఎత్తి పడేసినట్టున్నారు, పాతిక ముప్పై పెల్లెట్లకు వెనక అంచు నొక్కుకుపోయింది. మెత్తటి సీసం, అంచు వంగితే అది ఇక గురికి పనికిరాదు. డబ్బా మూత కింద ఒక స్పాంజి ముక్క పెట్టి పంపమని అమ్మేవాళ్లకు ముందే చెప్పండి.

హెవీ డబ్బాలో ఇంకా నాలుగు వందల పైచిలుకు మిగిలాయి. కడప జిల్లాలో ఎవరి దగ్గరైనా పీసీపీ గన్ (స్ప్రింగ్ లేకుండా, ముందే నింపిన గాలితో పేలేది) ఉంటే వాటికి బాగా పనికొస్తాయి, సగం ధరకు ఇచ్చేస్తా. తూచే ఇస్తాను.