గాడ్ మోడ్‌తో మూడేళ్లు: ఓడినప్పుడల్లా రెండు శాతం

గ్రీకు పురాణాల పాతాళం నుంచి పోరాడి బయటపడే హేడీస్ అనే వీడియో గేమును నేను మూడేళ్లకు పైగా ఆడుతున్నాను. దాని బొమ్మల గురించి, సంగీతం గురించి, కథ గురించి ఇప్పటికే చాలామంది రాశారు కనుక వాటి జోలికి పోను. నేను రాయదలచుకున్నది సెట్టింగులలో ఉండే, ఆటను తేలిక చేసే గాడ్ మోడ్ అనే ఒక్క మీట గురించి. డిఫికల్టీ, అంటే ఆట ఎంత కష్టంగా ఉండాలన్న విషయంలో ఆటగాడి పరిస్థితిని ఇంత చక్కగా కనిపెట్టిన ఏర్పాటు నేను ఆడిన గేముల్లో మరొకటి లేదు. ఈ మాట మొదటి ఏడాది ఎదురుపడిన ప్రతివారికీ చెప్పాను. ఇప్పుడూ చెబుతాను, కాకపోతే అప్పుడు చెప్పినంత గట్టిగా చెప్పలేను.

నేను విజయవాడ గవర్నరుపేటలో ఒక ఆడిటరు గారి ఆఫీసులో పని చేస్తాను. సత్యనారాయణపురంలోని ఇంట్లో అందరూ పడుకున్నాక, రాత్రి పదింటి తరువాత నాకు ఒక గంట దొరుకుతుంది. జూలై నెలాఖరు రిటర్నుల గడువు దగ్గరపడినా, ఆ వెనకే ఆడిట్ల పని మీద పడినా ఆ గంట కూడా పోతుంది, వారాల తరబడి కంట్రోలర్ ముట్టుకునే వీలుండదు. తిరిగి ఆటకు కూర్చునే సరికి వేళ్లు నేర్చుకున్నదంతా మరచిపోయి ఉంటాయి. రోజుకు ఐదారు గంటలు ఆడే కుర్రవాళ్లకు ఈ ఇబ్బంది తెలియదు కాబట్టి ముందుగా చెబుతున్నాను. నా అభిప్రాయాన్ని ఈ పరిస్థితితో కలిపి చదువుకోవాలి.

చాలా గేములు డిఫికల్టీ ఎంత కావాలో మొట్టమొదటి తెర మీదే అడుగుతాయి. ఆ గేములో శత్రువు ఎంత వేగంగా కదులుతాడో, తప్పించుకోవడానికి ఎంత వ్యవధి ఇస్తారో ఇంకా చూడనైనా చూడనివాణ్ణి సులభమా, మధ్యస్థమా, కఠినమా అని అడిగితే అతడు ఏ ఆధారంతో చెప్పాలి? ఒక పెద్ద కథ ఉన్న గేములో ఇలాగే పౌరుషానికి పోయి కఠినం ఎంచుకున్నాను. ముప్ఫై గంటలు ఆడాక ఒక బాస్ దగ్గర, అంటే దాటితే తప్ప ముందుకు పోనివ్వని పెద్ద శత్రువు దగ్గర, ఆగిపోయాను. తగ్గించుకుందామని చూస్తే కొత్త ఆట మొదలుపెడితే తప్ప మార్చడానికి వీల్లేదని తెలిసింది. ముప్ఫై గంటలంటే నా లెక్కలో నెల రోజుల రాత్రులు. ఆ గేమును అక్కడే వదిలేశాను, ఆ కథ ఎలా ముగిసిందో నాకు ఈనాటికీ తెలియదు.

ఈ చిక్కును ఇతరులు వేరువేరు దారుల్లో విప్పారు. 2018లో వచ్చిన సెలెస్ట్ గేములో ఆట వేగాన్ని పది శాతం చొప్పున తగ్గించుకుంటూ సగం దాకా దించవచ్చు. 2020లో వచ్చిన ద లాస్ట్ ఆఫ్ అస్ రెండవ భాగంలో శత్రువుల తీరుకు, దొరికే సామగ్రికి, దాగి కదలడానికి వేరువేరుగా స్థాయిలు పెట్టుకోవచ్చు. రెండూ మంచివే. అయితే అక్కడ కూడా నాకు ఎంత సాయం కావాలో నేనే ముందుగా లెక్క కట్టుకోవాలి.

హేడీస్‌లో ఆ లెక్కను నా ఓటములే కడతాయి. గాడ్ మోడ్ పెట్టగానే మనకు తగిలే దెబ్బల నష్టం 20 శాతం తగ్గుతుంది. ఆపైన చనిపోయిన ప్రతిసారీ మరో 2 శాతం కలుస్తుంది, 80 శాతం దగ్గర ఆగిపోతుంది. ఈ గేములో చావన్నది కథలో భాగమే. మనం ఆడించే జాగ్రియస్ పాతాళ రాజు హేడీస్ కొడుకు, చనిపోయినప్పుడల్లా తండ్రి ఇంట్లో రక్తపు మడుగులోంచి లేచి వస్తాడు, అక్కడివాళ్లు కొత్త కబురేదో చెబుతారు. గాడ్ మోడ్ పెట్టినందువల్ల ఆ కబుర్లలో ఏ కోతా ఉండదు, ఆటలో సాధించినవాటికి ఇచ్చే అచీవ్‌మెంట్లు కూడా ఆగవు. కావలసినప్పుడు పెట్టుకోవచ్చు, వద్దనుకున్నప్పుడు తీసేయవచ్చు.

ఇన్ని తెలిసినా మొదటి నాలుగు నెలలు నేను ఆ మీట జోలికి పోలేదు. సిగ్గే కారణం. ఈ సిగ్గు ఆటగాళ్లకు పాతకాలం నుంచే అంటించబడింది. 1992 నాటి వుల్ఫెన్‌స్టైన్ 3డిలో అన్నింటికన్నా సులభమైన స్థాయి పక్కన కథానాయకుడి ముఖానికి పసిపిల్లల టోపీ పెట్టి, నోట్లో పాలపీక పెట్టి చూపించారు. మా ఇంట్లో ఉండి ఇంటర్ చదువుకుంటున్న మేనల్లుడు ఆ గేమును చూసి కూడా ఉండడు, అయినా వాడిదీ అదే ధోరణి. "గాడ్ మోడ్ పెట్టుకుని గెలిస్తే గెలిచినట్టేనా మామయ్యా?" అన్నాడు ఒకసారి. నాకు సమాధానం తోచలేదు.

అప్పటికి నేను ఎలీసియం అనే మూడో అంతస్తు చివర ఉండే థీసియస్, ఆస్టీరియస్ జంట చేతిలో పదకొండుసార్లు ఓడిపోయి ఉన్నాను. ప్రతిసారీ ఒకటే కథ: ఎద్దు తల ఆస్టీరియస్ దూసుకువస్తాడు, వాణ్ణి తప్పించుకునే లోగా ఎటునుంచో థీసియస్ ఈటె వచ్చి తగులుతుంది, నిమిషం తిరిగే లోపే ఆట ముగుస్తుంది. పదకొండో ఓటమి తరువాత గాడ్ మోడ్ పెట్టాను. వెంటనే గెలుస్తాననుకున్నాను. గెలవలేదు. 20 శాతం నాకు ఏమాత్రం సరిపోలేదు. మళ్లీ చచ్చాను, 22 అయింది, మళ్లీ చచ్చాను, 24 అయింది. ఈ మోడ్ నాకు గెలుపును చేతిలో పెట్టదని అప్పుడే అర్థమైంది.

అంకె 38కి చేరిన రాత్రి జరిగినదే నేను చెప్పదలచుకున్న అసలు విషయం. ఆ రాత్రి కూడా ఓడిపోయాను. అయితే నిమిషంలో కాదు, దాదాపు నాలుగు నిమిషాలు నిలబడి ఓడిపోయాను. ఆ నాలుగు నిమిషాల్లో నేను అంతకుముందు ఎన్నడూ చూడనివి చూశాను. థీసియస్ డాలు ముందువైపు దెబ్బలన్నిటినీ ఆపేస్తుందని, వెనక్కి చేరితేనే కత్తి పని చేస్తుందని చూశాను. ఆస్టీరియస్ దూసుకువచ్చేటప్పుడు అదే దారిన వెనక్కి పరుగెత్తడం దండగని, పక్కకు తప్పుకుంటే వాడే ముందుకు వెళ్లిపోతాడని చూశాను. థీసియస్ బలం తగ్గాక దేవతల సాయం కోరతాడన్నది కూడా ఆ రాత్రే మొదటిసారి చూశాను. అంతకుముందు వాణ్ణి అక్కడిదాకా తీసుకురాగలిగితే కదా! పదకొండు ఓటముల్లో నాకు కొరవడినది ధైర్యమో చేతివేగమో అనుకున్నాను. కొరవడినది చూడటానికి వ్యవధి. త్వరగా చచ్చేవాడికి పాఠంలో మొదటి వాక్యమే పదేపదే వినిపిస్తుంది, రెండో వాక్యం దాకా ఉండనివ్వరు.

మూడో రాత్రి, 42 దగ్గర, గెలిచాను. మంచినీళ్లకని లేచి వచ్చిన మేనల్లుడు నా వెనక నిలబడి చివరి రెండు నిమిషాలు చూశాడు. "వెనక్కి వెళ్లు మామయ్యా, వెనక్కి!" అని వాడే చెప్పడం మొదలుపెట్టాడు. ఆస్టీరియస్ ముందే పడిపోయాడు, థీసియస్ ఒక్కడే మిగిలాడు, నా ప్రాణం 31 దగ్గర ఉంది. వాడు పడిపోయాక మా ఇద్దరి కేకలకు మా ఆవిడ నిద్ర లేచింది.

ఇక మొదటి ఏడాది నేను చెప్పని సంగతి. మా ఆఫీసులో శాతాలతో పొద్దంతా పని చేసేవాణ్ణే అయినా ఈ లెక్క నాకు ఆలస్యంగా తట్టింది. వంద దెబ్బ పడవలసిన చోట 20 శాతం తగ్గింపుతో 80 పడుతుంది, 22 శాతంతో 78 పడుతుంది. తేడా పెద్దగా తెలియదు. అదే 78 శాతం నుంచి 80కి వెళితే 22 పడే దెబ్బ 20 అవుతుంది, అంటే పడే దెబ్బలో పదకొండో వంతు ఒక్క అడుగులో పోతుంది. మొదటి పదిహేను చావులు దెబ్బను 80 నుంచి 50కి తెస్తే, తరువాతి పదిహేను 50 నుంచి 20కి తెస్తాయి. పెరిగేది ఎప్పుడూ రెండు శాతమే అయినా మన అనుభవంలో ఆ రెండు శాతం ఒక్కటి కాదు. 60 దాటాక నా ఆట మారిపోయింది. రెండో అంతస్తు ఆస్ఫొడెల్‌లో ఉడుకుతున్న లావాను చుట్టి వెళ్లవలసిన వాణ్ణి అడ్డంగా నడిచిపోవడం మొదలుపెట్టాను. తప్పుకోవలసిన దెబ్బలు ఒంటి మీద తీసుకున్నాను, ఎందుకంటే అవి నొప్పి పెట్టడం లేదు.

64 దగ్గర మోడ్ తీసేశాను. ఎలీసియం సంగతి అటుంచి, మొదటి అంతస్తు బాస్ దగ్గరే చచ్చాను. ఆ అలవాటును వదిలించుకోవడానికి రెండు వారాలు పట్టింది.

చిన్నప్పుడు కాలువలో నాకు ఈత నేర్పింది మా బాబాయి. నడుముకు బెండ్లు కట్టి నీళ్లలోకి దింపేవాడు, వారానికి ఒక బెండు విప్పేవాడు, నేను మునగకుండా కాళ్లాడించడం చూసి ఇంకొకటి విప్పేవాడు. గాడ్ మోడ్ మునిగినప్పుడల్లా ఒక బెండు కడుతుంది. విప్పడం నా చేతుల్లోనే ఉంది, అది కూడా ఒకటొకటిగా కాదు, అన్నీ ఒకేసారి. గెలిచినప్పుడల్లా రెండు శాతం తగ్గే ఏర్పాటు ఉంటే ఈ సమీక్షలో పై రెండు పేరాలు రాసేవాణ్ణి కాదేమో. మోడ్ తీసి మళ్లీ పెట్టినా అంకె ఉన్నచోటు నుంచే మొదలవుతుంది కాబట్టి నాకు వెనక్కి వెళ్లే దారి లేకపోయింది.

అందువల్ల ఇది అందరికీ పనికివస్తుందని చెప్పను. విడవకుండా రోజూ ఆడగలిగినవారికి దీని అవసరమే కలగకపోవచ్చు. మా మేనల్లుడు మోడ్ లేకుండానే ఆ గేము పూర్తి చేశాడు, వాడికి అదే తగినది. నెలల విరామంతో ఆడేవారికి, వయసు పెరిగి చేతివేగం తగ్గినవారికి మాత్రం మొహమాటపడకుండా పెట్టుకోండి అంటాను, అంకె 50కి చేరేదాకా.

ఈ ఏడాది నేను పాత సేవ్‌ను, అంటే అప్పటిదాకా ఆడి దాచుకున్న ఆటను, అలాగే ఉంచి కొత్త సేవ్ మొదలుపెట్టాను. కథలో వచ్చినంత దూరమూ మళ్లీ నడవవలసి వచ్చింది, అది కొంచెం బాధే. అందులో మోడ్ 20 నుంచి మొదలై ఇప్పుడు 34 దగ్గర ఉంది. మేనల్లుడు ఇంజనీరింగ్‌లో చేరి గుంటూరు వెళ్లిపోయాడు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు "ఎంతకొచ్చింది మామయ్యా?" అని ఆ అంకే ముందు అడుగుతాడు.