నాలుగో ట్రాక్‌లో ‘గో’: ఒక ఘంటసాల నివాళి ఆల్బమ్‌తో మూడేళ్ళు

ఘంటసాల శతజయంతి సందడిలో, 2022 చివర్లో, ఈ ఆల్బమ్ కొన్నాను. పేరు చెప్పను. చెబితే పాడినాయన మీద పడతారు, తప్పు ఆయనది కాదేమోనని నాకిప్పుడు గట్టి అనుమానం. పన్నెండు ట్రాకులు, పాడింది ఒక్కరే, యుగళగీతాల్లో మాత్రం ఇంకో గొంతు తోడొస్తుంది. మూడేళ్ళుగా కారులో పెన్‌డ్రైవ్ మీద వింటున్నాను. నా గొడవంతా నాలుగో ట్రాక్‌తోనే.

నాలుగోది పుష్పవిలాపం. కరుణశ్రీ అనే కవి రాసిన పద్యాలు, ఘంటసాల గొంతులో మూడు తరాలు విన్నవి. మొదటి పద్యంలో కవి పూలమొక్క దగ్గర నిలబడి కొమ్మ వంచుతాడు, గోరు ఆనించబోతాడు, అంతలో పూలు నోళ్ళు విప్పుతాయి. ‘గోరానెడునంతలోన’ అన్నది అక్కడి మాట. గోరు ఆనేంతలో అని. ఈ మాట మొదటి పాదం చివర ‘గో’తో మొదలై రెండో పాదంలో ‘రానెడు’తో పూర్తవుతుంది. కాగితం మీద పాదం విరిగినా నోట్లో మాట విరగకూడదు. ఘంటసాల ఆ చోటు దాటుతుంటే పాదం మారిన సంగతే మనకు తెలియదు. కొమ్మ వంచడం, గోరు ఆనడం ఒకే కదలికలా వినిపిస్తాయి.

ఈ ఆల్బమ్‌లో ‘గో’ అని ఆగారు. ఆగిన చోట తబలా మీద ఒక చిన్న ముక్క పడింది. ఆ తర్వాత తీరిగ్గా ‘రానెడునంతలోన’ అని అందుకున్నారు.

మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. వెనక సీట్లోంచి “నాన్నా, ఆయన ‘గో’ అంటాడేంటి? ఎవర్ని వెళ్ళమంటున్నాడు?” అంది. నాకు నవ్వాగలేదు. పక్కన కూర్చున్న మా నాన్న మాత్రం నవ్వలేదు.

నాన్న గురించి ఒక ముక్క చెప్పాలి. ఆయన గాయకుడు కాదు, బడిపంతులు. వయసులో ఉండగా నాటకాలకు హార్మోనియం పట్టేవారు, వేషగాడు రాని రోజున పద్యాలు కూడా పాడేవారు. నాటకాల్లో పద్యమంటే చివర పెద్ద రాగం తీయడం, జనం చేత వన్స్‌మోర్ అనిపించుకోవడం. ఘంటసాల ఆ రాగాన్ని కుదించి, మాటకు ముందు పీట వేసి, పద్యాన్ని ఎవరైనా గొణుక్కోగలిగేలా చేశారని నాన్న ఎప్పుడూ అంటారు. అందులో రికార్డు పాత్ర కూడా ఉండే ఉంటుంది. 78 ఆర్‌పీఎం ప్లేటు ఒక వైపుకి మూడు నిమిషాల పైచిలుకే పట్టేది, రాగం సాగదీస్తే పద్యానికి చోటెక్కడ? కానీ తొందర పడినట్టు ఎక్కడా ఉండదు. అదే ఆశ్చర్యం.

ఇంటికొచ్చాక నాన్న ఆ ట్రాక్ మళ్ళీ పెట్టమన్నారు. ఫోన్ బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని పక్కన గొంతు కలిపారు. ‘కొమ్మ వంచి’ దాకా ఇద్దరూ కలిసే వచ్చారు. ఆ తర్వాత నాన్న ‘గోరానెడునంతలోన’ అని ముందుకెళ్ళిపోయారు, ఫోన్ ఇంకా తబలా దగ్గరే ఉంది. ఆగారు. ఫోన్ వచ్చి కలిసింది. రెండో పాదం చివర మళ్ళీ అదే. ఈసారి ఆయన ఆగబోయారు, కానీ ఎంతసేపు ఆగాలో తెలియక ముందే అందుకున్నారు. మూడోసారికి పాడటం మానేసి కళ్ళు తెరిచారు.

“ఒరేయ్, ఈయన పద్యం పాడట్లేదురా. బండి వెనక నడుస్తున్నాడు.”

నాకు అప్పటికి సరిగ్గా అర్థం కాలేదు. వయొలిన్ వాయించే మిత్రుడొకడు ఉన్నాడు, స్టూడియోలకు వెళ్తుంటాడు. వాడికి వినిపించాను. పది సెకన్లు విని, “క్లిక్ మీద పాడించారు” అన్నాడు. క్లిక్ అంటే చెవిలో పెట్టుకున్న హెడ్‌ఫోన్‌లో టిక్ టిక్ మని కొట్టే తాళం. ఇప్పుడు తబలా ఆయన ఒకరోజు, వయొలిన్లు ఇంకోరోజు, పాడేవాళ్ళు మరోరోజు వస్తారు. అందరినీ తర్వాత కలపాలంటే అందరూ ఒకే టిక్‌టిక్‌ని పట్టుకోవాలి. పాటకు అది పనికొస్తుంది. పద్యానికి అసలు తాళమే లేదు కదా అన్నాను. “లేదు, కానీ లెక్క కుదురుతుందిగా” అని కాగితం లాక్కున్నాడు.

వాడు రాసిన లెక్క ఇది. ఈ పద్యం ఉత్పలమాల. పాదానికి ఇరవై అక్షరాలు. గణాలంటే అక్షరాల గుంపులు, మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత కాలం. భ ర న భ భ ర వ గణాల మాత్రలు వరసగా నాలుగు, ఐదు, మూడు, నాలుగు, నాలుగు, ఐదు, మూడు. ఐదూ మూడూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి కలిపితే ఎనిమిది. మొత్తం ఇరవై ఎనిమిది. నాలుగు చొప్పున కొడితే ఏడు ముక్కలు, ఎక్కడా తేడా రాదు. ఏడు ముక్కలైతే వినడానికి కుంటుతున్నట్టు ఉంటుందని ఇంకో నాలుగు చేర్చి ఎనిమిది చేశారు. ఆ చేర్చిన నాలుగు మాత్రలే ‘గో’ తర్వాత వచ్చే తబలా.

లెక్క చూసి నాకు ఇంకా కోపం వచ్చింది. తెలియక చేసుంటే ఒక రకం. ఇక్కడ గణాలు తెలిసినవాళ్ళే కూర్చుని చక్కగా కొలిచి కోశారు. పదో అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు, కూడా తూచినట్టు సరిగ్గా పడింది. ఛందస్సు పరీక్షలో నూటికి నూరు మార్కులు, వినే పూలకు మాత్రం గోరు రెండు ముక్కలు.

పాతరోజుల్లో అయితే ఒకే గదిలో అందరూ కూర్చునేవారు. పద్యం నడుస్తుంటే వయొలిన్ పట్టుకున్నవాళ్ళు పాడేవాళ్ళ నోటిని చూస్తూ వాయించాలి, వేరే దారి లేదు. ఇప్పుడు చూడటానికి ఎదురుగా ఎవరూ ఉండరు. ఇది నా మిత్రుడి మాటే. కాకపోతే వాడు దీన్ని తప్పుగా చెప్పలేదు, “ఖర్చు ఎవరు పెడతార్రా?” అన్నాడు.

ఇక్కడో సంగతి ఒప్పుకోవాలి. కొన్న వారంలోనే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఈ ఆల్బమ్‌ని ఆకాశానికెత్తాను. “పాత రికార్డుల గరగర లేదు, వీణ మీటు కూడా విడిగా వినిపిస్తోంది, తప్పక వినండి” అని రాశాను. నా మాట మీద ముగ్గురో నలుగురో కొన్నారు. ఆ మాట ఇప్పుడూ అబద్ధం కాదు. కానీ వీణ మీటు విడిగా వినిపించడం వల్ల చెవి అటే పోతోందని, మాట వెనకబడుతోందని అప్పుడు తోచలేదు. కారు స్పీకర్లలో బాగుంటుంది. రాత్రిపూట ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఎవరో పక్కన గిన్నెలు సర్దుతున్నట్టుంటుంది.

శివశంకరి గురించి కూడా గ్రూపులో పొగిడాను. 1961లో జగదేకవీరుని కథ సినిమా కోసం సంగీత దర్శకుడు పెండ్యాల దర్బారీ కానడ రాగంలో చేసిన పాట అది, దాని జోలికి వెళ్ళడానికే ధైర్యం కావాలి. ఈయన ఊపిరికి, వేగానికి ఇప్పటికీ నమస్కారమే. ఒక్కటే చిక్కు. దర్బారీలో గాంధారం, అంటే ‘గ’ స్వరం, నిలబడకూడదు, నెమ్మదిగా ఊగాలి. ఇందులో రెండుచోట్ల అది దిద్దుబాటు చేసినట్టు నిటారుగా ఉంది. కంప్యూటర్‌లో శ్రుతి సరిచేసి ఉంటారని మిత్రుడి అనుమానం. నేను మొదటి ఏడాది గమనించలేదు, ఇప్పుడు వినకుండా ఉండలేను. లాహిరి లాహిరి లాంటి యుగళగీతాలు హాయిగా ఉన్నాయి, వాటి మీద చెప్పడానికేమీ లేదు. భగవద్గీత జోలికి పోలేదు, మంచి పని చేశారు. ఘంటసాల 1974 ఫిబ్రవరిలో పోయాక ఆ రికార్డు విడుదలైంది. మా ఇంట్లో దాన్ని పాటల జాబితాలో కలపరు.

ఇక అనుకోనిది. నేను ఆఫీసుకి వెళ్ళే దారి యాభై నిమిషాలు. ఆల్బమ్ గంటకు కొంచెం పైనే. సాయంత్రం బండి ఎక్కితే పెన్‌డ్రైవ్ మళ్ళీ మొదటి నుంచి పాడేది. అలా ఏడాదిన్నర పాటు పన్నెండో ట్రాక్ నా చెవిన పడలేదు. ఒకరోజు రైల్వే గేటు దగ్గర ఇరుక్కున్నాను. గూడ్సు వెళ్ళింది, గేటు తీయలేదు, ఇంకో బండి వస్తోందన్నారు. ఇంజన్ ఆపేసి అద్దాలు దించాను. పదకొండోది అయిపోయింది.

తర్వాత కాసేపు ఏమీ వినపడలేదు. పాటలు అయిపోయాయనుకున్నాను. అప్పుడు సన్నగా తంబూరా. తర్వాత ఆయన ఊపిరి తీసుకున్న చప్పుడు. మిగతా పదకొండు ట్రాకుల్లో ఊపిరి చప్పుడు ఎక్కడా వినలేదు, అన్నిచోట్లా కత్తిరించేసి ఉంటారు. కుంతికుమారి మొదలుపెట్టారు. అదీ కరుణశ్రీదే, అదీ ఘంటసాల పాడిందే. కన్నబిడ్డను పెట్టెలో పెట్టి నీళ్ళలో వదలబోయే తల్లి కథ. తబలా లేదు. ఒక్క వయొలిన్ ఉంది, అది కూడా ఆయన మాట అయ్యాక దాని చివర పట్టుకుని లేస్తోంది. పాదం చివర మాట విరిగితే ఆయన ఆగలేదు. మాట పూర్తయిన చోట, పాదం మధ్యలోనైనా సరే, ఆగారు. ఒకచోట గొంతులో చిన్న జీర కూడా ఉంది. దాన్ని తుడవలేదు.

గేటు ఎప్పుడు తీశారో చూడలేదు. వెనక లారీవాడు హారన్ మోగిస్తున్నాడు. స్కూటర్ మీద ఒకాయన పక్కకొచ్చి “ఏంటి సార్, బండి ట్రబులా?” అన్నాడు. అవునన్నాను.

అప్పటి నుంచి నా గొడవ మారింది. ఈయనకు పద్యం రాదు అనుకున్నన్నాళ్ళు ఒక రకంగా ఉండేది. వచ్చు. బాగా వచ్చు. మరి నాలుగో ట్రాక్‌లో ఎవరు ఒప్పించారు? ‘తబలా లేకపోతే కుర్రాళ్ళు వినరు’ అని ఎవరో అని ఉంటారని నా ఊహ, నిజం తెలియదు. ఆ మాటలో కొంత నిజం ఉన్నా ఉండొచ్చు. మా పెదనాన్న కొడుకు, నా కంటే పదేళ్ళు చిన్నవాడు, పన్నెండోది అర నిమిషం విని తీసేశాడు, నాలుగోది మాత్రం పొద్దున నడకలో పెట్టుకుంటాడు. “అన్నయ్యా, నీకు పద్యాల పిచ్చి, అందుకే అది నచ్చింది” అంటాడు. మా అత్తయ్య అయితే ఇంకో మాటంది: “పాతది ఉండగా ఇదెందుకురా, గరగరతో వింటేనే ఆయన ఇంట్లో ఉన్నట్టుంటుంది.” ఈ ఇద్దరి మధ్య ఎక్కడున్నానో నాకే సరిగ్గా తెలియదు.

కొనమంటారా అని అడిగితే సూటిగా చెప్పలేను. నేను పద్యాలు వినిపించే ఇంట్లో పెరిగాను, నా కోపం చాలావరకు అక్కడిదే. సినిమా పాటల కోసమైతే, అందులోనూ కారులో వినడానికైతే, ధైర్యంగా తీసుకోండి. పద్యాల కోసమైతే పన్నెండోది ముందు వినండి, నాలుగోది తర్వాత. నేను పెన్‌డ్రైవ్‌లో అలాగే మార్చుకున్నాను. నాలుగోది తీసేద్దామని రెండుసార్లు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మా అమ్మాయి ఊరుకోలేదు.

ఊరుకోకపోవడానికి కారణం, దానికి ఆ పద్యం అక్కడే వచ్చింది. నేను కూర్చోబెట్టి నేర్పింది కాదు, నాన్న నేర్పింది కాదు. వెనక సీట్లో కూర్చుని విని విని మొత్తం పట్టేసింది, ‘గో’తో సహా. ఒకరోజు వంటింట్లో పాడుతుంటే నాన్న విన్నారు. పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, “బుజ్జీ, గోరు ఏదీ, చూపించు” అన్నారు. చూపించింది. “అది రెండు ముక్కలైతే నొప్పి కదమ్మా. ఒక్క ఊపిరిలో అను.” నాలుగు సాయంత్రాలు పట్టింది.

ఇప్పుడు ‘గోరానెడునంతలోన’ అని కలిపే పాడుతుంది. కానీ ‘గో’ దగ్గరకొచ్చేసరికి కుడిచేతి వేలు ఒకసారి తొడ మీద పడుతుంది, లేని తబలాకి. నాన్న చూసీ చూడనట్టు ఊరుకుంటున్నారు.